కుటుంబంలో స్త్రీలు, పిల్లలు, తల్లిదండ్రుల హక్కులు: బెంగళూరు

భారతదేశంలో కుటుంబసభ్యుల హక్కులన్నీ ఒకచోట చెప్పే చట్టం లేదు. భార్యకు ఒక చట్టం, బిడ్డకు ఒకటి, వయసు మళ్ళిన తల్లిదండ్రులకు ఇంకొకటి. వేరువేరు దశాబ్దాల్లో, వేరువేరు ఒత్తిళ్ళ మధ్య చేసినవి ఇవి. ఒకదాన్ని రాసినవాళ్ళు రెండోదాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించదు. అత్తమామలు, కొడుకు, కోడలు, మనవరాలు కలిసి ఉన్న ఇంట్లో తగాదా వచ్చినప్పుడు మాత్రం ఈ చట్టాలన్నీ ఒకేసారి వర్తిస్తాయి. ఎవరి హక్కు ముందు, ఎవరిది తరవాత అన్నది కోర్టులే తేల్చవలసి వస్తుంది. దేశమంతా పాటిస్తున్న అలాంటి తీర్పుల్లో కొన్నిటికి మూలం బెంగళూరు ఇళ్ళు, కర్ణాటక పొలాలు.

నగరంలోని తెలుగువాళ్ళకు ఈ విషయం రెండు విధాలుగా ఎదురవుతుంది. నగరానికి తూర్పున వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం, మారతహళ్ళి చుట్టుపక్కల గ్రామాల్లో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలవి ఎక్కువగా భూమి తగాదాలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం అనంతపురం, కర్నూలు, చిత్తూరు, హైదరాబాదుల నుంచి వచ్చి ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళవి భరణం, బిడ్డ, బ్యాంకు అప్పు తగాదాలు.

మైసూరు సంస్థానం నాటి చట్టాలు

ఆడపిల్లల పెళ్ళి వయసు మీద బ్రిటిష్ ఇండియా ఇంకా తర్జనభర్జన పడుతుండగానే మైసూరు సంస్థానం 1894లో బాల్యవివాహ నిరోధక శాసనం తెచ్చింది. ఎనిమిదేళ్ళు నిండని పిల్లకు పెళ్ళి చేయకూడదనీ, యాభై దాటిన మగవాడు పద్నాలుగేళ్ళలోపు పిల్లను చేసుకోకూడదనీ అందులో ఉంది. ఈనాటి కంటికి అది వట్టి కనీసం. కానీ బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం రావడానికి ఇంకా ముప్పై అయిదేళ్ళు పట్టింది.

అంతకంటే పెద్ద అడుగు 1933 నాటి మైసూరు హిందూ స్త్రీల హక్కుల చట్టం. నాల్వడి కృష్ణరాజ ఒడయరు రాజు, మీర్జా ఇస్మాయిల్ దివాను. ఉమ్మడి ఆస్తి పంచుకునేటప్పుడు తల్లి, వితంతువు, పెళ్ళికాని కూతురు, చెల్లెలు కూడా వాటాదారులేనని ఈ చట్టం అంది. వాటా మగవాళ్ళతో సమానం కాదు, పెళ్ళయిన కూతురి ఊసే లేదు. అయినా కేంద్ర శాసనసభ 1937లో వితంతువులకు ఇచ్చిన పరిమిత హక్కుకంటే ఇది నాలుగేళ్ళు ముందుది. వాటా పొందినవాళ్ళ జాబితాలో కూతురు కూడా ఉండడం దీని విశేషం. ఇక్కడ బెంగళూరుకు మాత్రమే చెందిన చిక్కు ఒకటుంది. కంటోన్మెంటు ప్రాంతం 1947 జూలై దాకా బ్రిటిష్ అధికారం కింద ఉంది. సంస్థానం చేసిన శాసనాలు అక్కడ వాటంతటవే చెల్లేవి కావు. చిక్కపేటలోనూ శివాజీనగరులోనూ ఉన్న అక్కచెల్లెళ్ళను వేరువేరు ప్రభుత్వాలు పాలించిన కాలం అది. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక మైసూరు చట్టం పక్కకు పోయింది.

ఆడపిల్ల వాటా

1956 చట్టం కూతురిని వారసురాలిగా గుర్తించింది. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును మాత్రం కొడుకులకే ఉంచింది. తండ్రి పోయాక, తండ్రి వాటాలో మాత్రమే కూతురికి భాగం. ఈ లోపాన్ని కొన్ని రాష్ట్రాలు ఒక్కొక్కటిగా సరిచేశాయి. కేరళ 1975లో ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దుచేసింది. కూతుర్ని పుట్టుకతోనే కొడుకుతో సమానమైన వాటాదారును చేసిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో అదే దారి పట్టాయి. కర్ణాటకలో అమలు తేదీ జూలై 30. ఈ నాలుగు సవరణల్లోనూ ఒకటే మెలిక: ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతురికి ఏమీ రాదు. ఒకే ఇంట్లో పెద్దక్కకు సున్నా, చిన్న చెల్లికి పూర్తి వాటా. కర్ణాటకలో 1994 వేసవిలో పెళ్ళి ముహూర్తం పెట్టుకున్న ఆడపిల్లలు కొన్ని వారాల తేడాతో ఆస్తి పోగొట్టుకున్నారంటే అతిశయోక్తి కాదు.

2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ ఈ మెలికను తీసేసింది. అయితే తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా, అక్కర్లేదా అన్న ప్రశ్న పదిహేనేళ్ళు నలిగింది. సుప్రీంకోర్టు 2015లో బతికి ఉండాలంది. 2018లో వేరే ధర్మాసనం దానికి పొసగని తీర్పు ఇచ్చింది. ఈ రెండు వ్యాజ్యాలూ కర్ణాటక నుంచి వెళ్ళినవే. చివరికి 2020 ఆగస్టు 11న జస్టిస్ అరుణ్ మిశ్రా నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది: హక్కు పుట్టుకతో వస్తుంది కాబట్టి తండ్రి ఎప్పుడు పోయాడన్నది అనవసరం. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలు, అమ్మకాలు, కోర్టు డిక్రీలు మాత్రం చెల్లుతాయి. నోటిమాటగా ఎప్పుడో పంచుకున్నామని అన్నదమ్ములు చెబితే సరిపోదు, దాన్ని ప్రభుత్వ దస్తావేజులతో రుజువు చేయాలి.

చట్టం ఇంత స్పష్టమయ్యాక కూడా వాటా చేతికి రాకపోవడానికి కారణం ఒక సంతకం. దేవనహళ్ళిలో విమానాశ్రయం వచ్చాక, ఔటర్ రింగురోడ్డు పొడవునా కంపెనీలు లేచాక, ఒకప్పుడు రాగులు పండిన ఎకరం కోట్లకు చేరింది. బిల్డరు పొలం తీసుకునేముందు ఇంటి ఆడపిల్లలందరి సంతకాలూ అడుగుతాడు. అప్పుడు పుట్టింటి నుంచి కబురు వస్తుంది. "నీ పెళ్ళికి ఖర్చు పెట్టలేదా, బంగారం పెట్టలేదా, ఒక్క సంతకం పెట్టమ్మా" అంటారు. ఆ కాగితం హక్కు విడుదల పత్రం. రిజిస్టరైతే వాటా పోయినట్టే. మోసమో బెదిరింపో రుజువు చేస్తే తప్ప వెనక్కి రాదు. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా చెల్లిపోదని చట్టం ఎంత చెప్పినా, పండగకు పిలవరేమోనన్న భయం ముందు అది నిలవడం కష్టం. ఇంకో ఉపాయం వంశవృక్షంలో ఉంది. కర్ణాటకలో రెవెన్యూ శాఖ ఇచ్చే ఈ పత్రంలో కూతుళ్ళ పేర్లు రాయించకుండా, కొడుకులే వారసులని చూపి భూమి ఖాతా మార్చుకోవడం కోర్టు దావాల్లో తరచుగా కనబడే ఆరోపణ. కోర్టుకు వెళ్ళదలచిన ఆడపడుచు మొదట తెప్పించుకోవలసిన కాగితం అదే.

ఇక్కడే ఇల్లరికం సంగతి చెప్పుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీలోని రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఇల్లరికపు అల్లుడికి మామ ఆస్తిలో వాటా వచ్చే ఆచారాన్ని మద్రాసు హైకోర్టు 19వ శతాబ్దంలోనే గుర్తించింది. వాటా దక్కింది బయటినుంచి వచ్చిన అల్లుడికి. ఆ ఇంట్లోనే పుట్టి ఆ ఇంట్లోనే ఉండిపోయిన కూతురికి కాదు.

ఇదంతా హిందూ వారసత్వ చట్టం మాట. షెడ్యూల్డు తెగలకు ఆ చట్టం వర్తించదు. ముస్లిం వారసత్వంలో సోదరికి సోదరుడి వాటాలో సగం. 2025 ఏప్రిల్‌లో ఇలాంటి ఒక ఆస్తి కేసు విన్న కర్ణాటక హైకోర్టు, ఉమ్మడి పౌరస్మృతి దిశగా చట్టం చేయాలని ప్రభుత్వాలను కోరింది. క్రైస్తవ స్త్రీల విషయంలో తిరువాన్కూరు పాత చట్టాన్ని పక్కనపెట్టిన 1986 నాటి తీర్పు విద్యావేత్త మేరీ రాయ్ వేసిన కేసులోది.

కోడలి ఇల్లు, అత్తగారి ఇల్లు

2005 గృహహింస చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. కొట్టడం, తిట్టడంతోపాటు డబ్బు ఇవ్వకుండా కట్టడి చేయడాన్ని కూడా అది హింసగా లెక్కించింది. దానికి గుండెకాయ నివాస హక్కు: కాపురం చేసిన ఇంట్లో పేరు ఎవరిదైనా, భార్యను దారి చూసుకోమనడానికి వీల్లేదు. అయితే అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ హక్కును భర్త సొంత ఇంటికో, అద్దె ఇంటికో, అతనికి వాటా ఉన్న ఉమ్మడి ఇంటికో పరిమితం చేసింది. ఇల్లు అత్తగారి పేరున ఉంటే కోడలికి హక్కు లేదంది. ఆ తీర్పు పద్నాలుగేళ్ళు నడిచింది. ఇల్లు అత్తమామల పేరుకు మార్చేస్తే సరిపోతుందన్న చిట్కాకు ఆ తీర్పు ఊతమిచ్చింది.

మరోవైపు 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. తమను చూడని పిల్లల్ని ఇంట్లోంచి పంపించమని అడిగే అవకాశం దాని ద్వారా ఏర్పడింది. ఈ రెండు చట్టాలూ బెంగళూరు ఉత్తర భాగంలోని ఒక ఇంటి దగ్గర ఢీకొన్నాయి.

2002లో పెళ్ళయిన ఒక జంట కథ అది. స్థలం మొదట భర్త కొన్నాడు. కొన్నేళ్ళకు దాన్ని తండ్రికి అమ్మాడు. తరవాత భార్యాభర్తల మధ్య విడాకుల వ్యాజ్యం మొదలైంది. 2010లో మామగారు ఆ ఆస్తిని అత్తగారికి దానపత్రం రాశారు. ఆ ఇంట్లో కోడలు, ఆమె కూతురు ఉంటున్నారు. అత్తమామలు వృద్ధుల చట్టం కింద అసిస్టెంట్ కమిషనరు ట్రైబ్యునలుకు వెళ్ళి, కోడల్ని ఖాళీ చేయించమన్నారు. ఆయన సరేనన్నారు, డిప్యూటీ కమిషనరు సమర్థించారు, 2019 సెప్టెంబరులో హైకోర్టు ధర్మాసనమూ సమర్థించింది. కోడలు సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

2020 డిసెంబరు 15న జస్టిస్ డి.వై.చంద్రచూడ్, జస్టిస్ ఇందూ మల్హోత్రా, జస్టిస్ ఇందిరా బెనర్జీల ధర్మాసనం ఆ ఉత్తర్వులను కొట్టేసింది. రెండూ ప్రత్యేక చట్టాలే, రెండూ బలహీనుల కోసం చేసినవే; ఒకదాన్ని అడ్డుపెట్టుకుని రెండోదాన్ని చంపకూడదన్నది దాని సారాంశం. వృద్ధుల రక్షణకు నిజంగా అవసరమైతే ఖాళీ చేయించే అధికారం ట్రైబ్యునలుకు ఉంటుంది. కానీ అంతకుముందు ఆ ఇంట్లోని స్త్రీకి గృహహింస చట్టం కింద ఉన్న నివాస హక్కును తూచి చూడాలి. కోడలు మేజిస్ట్రేటు కోర్టులో తన హక్కు అడగడానికి వీలుగా ఏడాదిపాటు ఆమెను బలవంతంగా కదిలించవద్దని, ఇల్లు అమ్మవద్దని ఆదేశించింది. దీనికి రెండు నెలల ముందే, అక్టోబరు 15న, వేరే ధర్మాసనం 2006 నాటి తీర్పును రద్దుచేసి, అత్తమామల ఇల్లయినా కాపురం అక్కడ సాగితే అది కోడలికీ 'ఉమ్మడి నివాసం' కాగలదని చెప్పింది.

డిసెంబరు తీర్పు కోడలి గెలుపు అని కొందరు, వృద్ధులకు అన్యాయం అని కొందరు రాశారు. నిజానికి ఆ ఇల్లు ఆమెకు రాసివ్వలేదు, వృద్ధుల చట్టాన్ని బలహీనం చేయనూ లేదు. దొడ్డిదారిన ఇల్లు చేతులు మార్చి, వేగంగా తేలిపోయే ట్రైబ్యునలు ద్వారా కోడల్ని పంపేయడాన్ని ఆపింది, అంతే. ఇలాంటి కుటుంబాల్లో దస్తావేజుల తేదీలు చూస్తే సగం కథ తెలుస్తుంది: విడాకుల పిటిషనుకు ముందు రాసిన దానపత్రం వేరు, తరవాత రాసింది వేరు.

గృహహింస చట్టం కోడళ్ళకు మాత్రమే కాదు. తల్లి, అక్క, కూతురు, సహజీవనంలో ఉన్న స్త్రీ, ఎవరైనా వెళ్ళవచ్చు. ఫిర్యాదు మగవాడి మీదే ఉండాలన్న మాటను సుప్రీంకోర్టు 2016లో తీసేసింది కాబట్టి, వేధించే కోడలి మీద అత్త కూడా ఇదే చట్టాన్ని వాడవచ్చు. కర్ణాటకలో రక్షణాధికారి బాధ్యత శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారులది (సీడీపీఓలు). ఇక బెంగళూరులో చాలా ఏళ్ళుగా ఈ కేసులు వింటూ వచ్చినవి ట్రాఫిక్ కోర్టుల పేరుతో ఉన్న మేజిస్ట్రేటు కోర్టులు. మొదటిసారి వెళ్ళిన స్త్రీ బోర్డు చూసి తికమకపడితే తప్పు ఆమెది కాదు.

వేధింపు, కట్నం

కట్నం 1961లోనే నేరమైంది. భర్త, అత్తింటివాళ్ళ క్రూరత్వాన్ని శిక్షించే 498ఎ సెక్షను 1983లో, కట్నపు చావుల సెక్షను 1986లో వచ్చాయి. 2024 జూలై 1 నుంచి ఇవి భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అనుమానాస్పదంగా చనిపోయి, కట్నం వేధింపు రుజువైతే కనీస శిక్ష ఏడేళ్ళు. చట్టం వచ్చాక కూడా వంటింటి 'స్టవ్ ప్రమాదాలు' ఎలా దాటిపోయేవో బెంగళూరుకు చూపించింది 1979లో మొదలైన విమోచన అనే మహిళాసంస్థ. విక్టోరియా ఆసుపత్రి కాలిన గాయాల వార్డుకు వచ్చే యువతుల మరణాలను వాళ్ళు వెంబడించి లెక్కరాశారు.

రెండో వైపు వాదన కూడా ఈ నగరం నుంచే గట్టిగా వినిపించింది. 2024 డిసెంబరులో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, భార్య పెట్టిన కేసులను కారణంగా రాసి ఆత్మహత్య చేసుకోవడం దేశమంతా చర్చయింది. అదే వారంలో తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు, నిర్దిష్టమైన ఆరోపణ లేకుండా అత్తింటివాళ్ళందరి పేర్లూ ఇరికించడాన్ని తప్పుపట్టి కేసు కొట్టేసింది. అరెస్టు తప్పనిసరి కాదని 2014 నుంచీ నియమం ఉంది. దుర్వినియోగం ఉంది, దాన్ని చూపించి చట్టాన్నే తీసేయమనడం మాత్రం విక్టోరియా వార్డును మరిచిపోవడమే.

పెళ్ళిలో బలాత్కారాన్ని నేరంగా చూడని మినహాయింపు ఇప్పటికీ చట్టంలో ఉంది. 2022 మార్చి 23న కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి ఎం.నాగప్రసన్న భర్త మీద మోపిన అత్యాచార అభియోగాన్ని కొట్టేయడానికి నిరాకరించారు. సుప్రీంకోర్టు ఆ విచారణ మీద స్టే ఇచ్చింది.

భరణం

భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, ముగ్గురూ కలిసి కనిపించే సెక్షను ఒక్కటే: పాత నేర విచారణ స్మృతిలో 125, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144. తనను తాను పోషించుకోలేని వాళ్ళను, స్తోమత ఉన్నవాడు పోషించాలి. మతంతో పని లేదు. ముస్లిం స్త్రీ భరణం మీద వచ్చిన షాబానో తీర్పు తరవాత రేగిన గొడవ, 1986 చట్టం ఈ మాటను మసకబార్చాయి. 2024 జూలై 10న తెలంగాణ కేసులో సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా ఈ సెక్షను కింద భరణం అడగవచ్చని స్పష్టంచేసింది. ఆ ధర్మాసనంలోని జస్టిస్ బి.వి.నాగరత్న కర్ణాటక హైకోర్టు నుంచి వెళ్ళినవారు. ఇల్లు చూసుకునే భార్యల త్యాగాన్ని భర్తలు గుర్తించాలని ఆమె విడిగా రాశారు.

2020 నవంబరు 4 నాటి తీర్పు ప్రకారం భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తి, అప్పుల వివరాలు ప్రమాణపత్రంగా ఇవ్వాలి. భరణం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి లెక్క. సాఫ్ట్‌వేర్ జీతాల్లో షేర్లు, బోనసులు దాచడం తేలిక కాబట్టి బెంగళూరు కేసుల్లో ఈ పత్రం మీదే సగం వాదన నడుస్తుంది. భార్య చదువుకుందన్న కారణంగా భరణం పోదు. ఆమె నిజంగా సంపాదిస్తుంటే తగ్గవచ్చు, అసలు రాకపోనూవచ్చు.

బిడ్డ ఎవరి దగ్గర

1956 హిందూ మైనారిటీ చట్టం ఇప్పటికీ తండ్రినే మొదటి సంరక్షకుడంటుంది, 'అతని తరవాత' తల్లి. రచయిత్రి గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు 1999లో, తండ్రి బతికుండగానే, అతను పట్టించుకోకపోతే తల్లి సంరక్షకురాలు కావచ్చని అర్థం చెప్పింది. చట్టంలో అక్షరం మాత్రం మారలేదు. అయిదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర. ఆపైన ఏ వయసుకైనా బిడ్డ మేలే కొలమానం.

2013లో కర్ణాటక హైకోర్టు ఒక బిడ్డ విషయంలో ఏడాదిని రెండుగా చీల్చింది: జనవరి నుంచి జూన్ దాకా తండ్రి దగ్గర, జూలై నుంచి డిసెంబరు దాకా తల్లి దగ్గర. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో ఉమ్మడి సంరక్షణను సిఫారసు చేస్తూ దీన్ని ప్రస్తావించింది. ఆ నివేదిక చట్టం కాలేదు. ఒకే నగరంలో పక్కపక్క పేటల్లో ఉంటే ఈ పద్ధతి కుదురుతుంది. తండ్రి బెంగళూరులో, తల్లి కడపలో ఉంటే బడి ఏదన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

అమెరికా తెలుగు కుటుంబాల కష్టం ఇంకొకటి. పిల్లల అపహరణ మీద 1980 నాటి హేగ్ ఒడంబడికలో భారతదేశం చేరలేదు. తల్లి బిడ్డను తీసుకుని బెంగళూరుకో హైదరాబాదుకో వచ్చేస్తే, తండ్రి ఇక్కడి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేయాలి. 2022 జూలైలో బెంగళూరు నుంచి వెళ్ళిన అలాంటి కేసులో, అమెరికాలో పుట్టి పెరిగిన పదకొండేళ్ళ పిల్లవాణ్ణి వెనక్కి పంపాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. తల్లిదండ్రుల మాటకంటే ఆ బిడ్డ పెరిగిన చోటికే విలువనిచ్చింది.

చెల్లని పెళ్ళికి పుట్టిన పిల్లల మీద కూడా కర్ణాటక కేసే మార్గదర్శి. 2023 సెప్టెంబరు 1న ముగ్గురు న్యాయమూర్తులు, ఆ పిల్లలకు తల్లిదండ్రుల ఆస్తిలో, ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలో కూడా హక్కు ఉందన్నారు; మిగతా బంధువుల వాటాల్లో లేదు. మైనరు పేరున ఉన్న సొంత స్థలాన్ని కోర్టు అనుమతి లేకుండా తండ్రి అమ్మితే, ఆ బిడ్డ మేజరయ్యాక ఆ అమ్మకాన్ని తోసిపుచ్చవచ్చు. బాల్యవివాహం కేంద్ర చట్టం ప్రకారం, కోరితే రద్దయ్యేది. కర్ణాటకలో 2016 సవరణ ప్రకారం మొదటినుంచీ చెల్లనిది.

తల్లిదండ్రులు

కొడుకే చూడాలన్న మాట లోకంలో ఉందిగాని చట్టంలో లేదు. పెళ్ళయిన కూతురు కూడా తల్లిదండ్రులను పోషించవలసిందేనని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. 2007 చట్టం కింద బెంగళూరు వృద్ధులు వెళ్ళవలసింది అసిస్టెంట్ కమిషనరు ట్రైబ్యునలుకు. అప్పీలు డిప్యూటీ కమిషనరుకు. లాయరు అక్కర్లేదు, నోటీసు అందిన తొంభై రోజుల్లో తేల్చాలి. నెలకు గరిష్ఠంగా ఇప్పించగలిగింది పదివేలు. 2007లో అది ఫర్వాలేదేమోగాని, ఈనాటి బెంగళూరులో ఇంటి పనిమనిషికీ మందులకూ చాలదు. ఆ పరిమితి ఎత్తేసి, అల్లుణ్ణీ కోడల్నీ బాధ్యుల్లో చేర్చే బిల్లు 2019లో పార్లమెంటులో పెట్టారు. అది చట్టం కాలేదు.

ఆస్తి రాసిచ్చిన తరవాత పిల్లలు చూడకపోతే ఆ దానపత్రాన్ని రద్దుచేయమని 23వ సెక్షను కింద అడగవచ్చు. చూసుకుంటానన్న షరతు మీద రాసిచ్చినట్టు రుజువు కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరి 2న ఇంకో ధర్మాసనం ఈ సెక్షన్ను ఉదారంగా చదవాలంది. దగ్గరి బంధువులకు దానపత్రం రాస్తే కర్ణాటకలో స్టాంపు ఖర్చు స్వల్పమే కాబట్టి బతికుండగానే ఇల్లు రాసిచ్చే తల్లిదండ్రులు చాలామంది. రాయక తప్పకపోతే పోషణ షరతును అక్షరాలా ఆ పత్రంలోనే రాయించాలి. నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు, నగర పోలీసులు కలిసి 2002 నుంచి నడుపుతున్న వృద్ధుల సహాయవాణి నెంబరు 1090. స్త్రీలకు 181, పిల్లలకు 1098.

న్యాయ దేగుల

కుటుంబ తగాదాలకు వేరే కోర్టులుండాలని మొదట గట్టిగా చెప్పినవాళ్ళలో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. 1953లో చైనా వెళ్ళి అక్కడి కోర్టులు చూసివచ్చి నెహ్రూతో, న్యాయమూర్తులతో మాట్లాడారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో గాని రాలేదు. అప్పటికి ఆమె చనిపోయి మూడేళ్ళు. బెంగళూరు ఫ్యామిలీ కోర్టు హెచ్.సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలో ఉంది. 2007లో మొదలైన మధ్యవర్తిత్వ కేంద్రమూ అక్కడే. రాజీకి ప్రయత్నించడం ఈ కోర్టు మొదటి విధి. లాయరు హక్కుగా ఉండడు, కోర్టు అనుమతిస్తే ఉంటాడు. ఆచరణలో లాయరు లేని కేసు కనబడడం అరుదు.

కాపురం బెంగళూరులో చేసి అనంతపురం పుట్టింటికి వచ్చేసిన భార్య అక్కడే పిటిషను వేసుకోవచ్చు. 2003 సవరణ ఆమెకు ఆ వీలిచ్చింది. వేధింపు కేసు కూడా తలదాచుకున్న ఊళ్ళోనే పెట్టవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే భర్త ముందుగా బెంగళూరులో విడాకులకు వెళితే, ఆ కేసును రాష్ట్రం దాటించే అధికారం సుప్రీంకోర్టుకే ఉంది. బెంగళూరు వాయిదాకు అనంతపురం నుంచి బస్సులో రావలసిన స్త్రీ, ముందు ఢిల్లీలో లాయరును పెట్టుకోవాలి.

సంపాదించే స్త్రీ ఆస్తి

హిందూ స్త్రీ వీలునామా రాయకుండా చనిపోతే, భర్త, పిల్లలు లేనప్పుడు, ఆమె సొంత సంపాదనతో కొన్న ఇల్లు ఆమె తల్లిదండ్రులకు కాదు, మొదట భర్త తరఫు వారసులకు వెళుతుంది. పుట్టింటినుంచి వారసత్వంగా వచ్చినది మాత్రమే పుట్టింటివైపు తిరిగి వస్తుంది. 1956లో స్త్రీకి సొంత జీతం ఉంటుందని ఊహించనివాళ్ళు రాసిన 15వ సెక్షను ఇది. బెంగళూరులో తన పేరున ఫ్లాటు, అప్పు, పీఎఫ్ ఉన్న ప్రతి తెలుగు హిందూ ఉద్యోగినీ దీని కిందికి వస్తుంది. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్ళ సంతకాలు తీసుకుంటే చెల్లుతుంది.